చుక్కి కన్ను తీసింది ఆ సారు కాదు

పశువులాసుపత్రి డాక్టరు సారు పోయినాడని మొన్న పొద్దన్నే తెలిసింది. ఆళ్లగడ్డ బస్టాండులో టీ అంగడి ముందర నిలబడుకోనుంటే, నంద్యాల బస్సు దిగిన పాత కాంపౌండరు నన్ను చూసి దగ్గరికొచ్చినాడు. "అక్కా, మన సారు రాత్రి పోయినాడు. రిటైరైనాక నంద్యాలలోనే ఉండె గదా. గుండె నొప్పంట. ఈపొద్దు మధ్యాన్నం ఎత్తుతారు" అన్నాడు. అంతలో టీ కాసేటోడు పొయ్యి మింద నుంచి తలెత్తకుండానే అడిగినాడు: "ఎవురు, జట్కా గుర్రం కన్ను పోగొట్టిన డాక్టరేనా?"

చేతిలో గలాసు వాని బల్ల మింద ఠప్పుమని పెట్టినా. "నీ నోరు పడిపోను! గుర్రం నీదా నాదా? కన్నెట్ల పోయిందో నీకు తెల్సా నాకు తెల్సా?"

"నన్నెందుకు తిడతావు అక్కా, ఊరంతా అనే మాటే గదా" అన్నాడు.

నిజమే, ఊరంతా అనే మాటే. పదిహేనేండ్ల సంది అంటానే ఉండారు, నేను పండ్లు కరుచుకోని ఇంటానే ఉండా. ఇంక ఇనను. అందుకే ఇది రాయిస్తాండా. నాకు అచ్చరం ముక్క రాదు. మా వీధి టీచరమ్మ రాసుకుంటాంది. "అవ్వా, రొంత నిదానంగా చెప్పు" అంటాది. నిదానంగా చెప్తే నా కోపం సల్లారిపోతాది, తొందరగా రాసుకోమ్మా అన్నా.

మా ఇంటాయన జట్కా తోలేటోడు. ఆయన జ్వరమొచ్చి పోయినాక ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తా, నొసటన తెల్లచుక్క ఉండే మా ఆడగుర్రం చుక్కీ. ఆడది జట్కా తోలేదేందీ అని బస్టాండులో నవ్వినారు. నవ్వేటోళ్లు నవ్వుతానే ఉండిరి, నేను తోలుతానే ఉంటి. మా అత్తకు చుక్కి అంటే పాణం. కొడుకు తన చేత్తో తెచ్చి కట్టిన గుర్రం గదా. లేస్తూనే నానిన ఉలవలు దానికి పెట్టినాకనే తాను మొగం కడుక్కునేది. కొడుకు పేరు మాత్రం ఎత్తేది కాదు. చెప్పుకునే మాటలన్నీ గుర్రానికే చెప్పుకునేది.

ఉయ్యాలవాడ రోడ్డులో రైతులు కొర్రవెన్నులు తెచ్చి తారు మింద పరుస్తారు, మీరూ చూసుంటారు. బస్సులూ బండ్లూ తొక్కితే గింజ రాలుతాది, నూర్చే పని తప్పుతాది. ఆ పొద్దు పెండ్లికి పొయ్యేటోళ్లను ఎక్కించుకోని పోతాంటే, ఎదురుగా బస్సు ఆ వెన్నుల మింద రయ్యిమని వచ్చె. పొట్టంతా గాల్లోకి లేచె. చుక్కి తల ఇదిలించి, తుమ్మి, మళ్లా నడిచింది. ఇంటికొచ్చేతలికి ఎడమ కన్ను మూసుకోనే ఉండాది. తెల్లారేసరికి రెప్పలు రెండూ కుడుముల మాదిరి ఉబ్బినాయి. నీళ్లు కారి చెంప మింద వెంట్రుకలు అంటుకోని పోయినాయి. ఊరికే కొయ్యకు కన్ను రుద్దుకుంటాంది.

కన్ను పోయిన గుర్రం బండి ఎవురెక్కుతారు? ఎదురొస్తే అపశకునమని పక్కకు తప్పుకుంటారు. ఆ కన్ను పోతే మా పొయ్యి ఆరిపోయినట్టే.

పశువులాసుపత్రికి పరిగెత్తినా. కొత్తగా వచ్చిన సారు, కిష్ణా జిల్లా మనిషి. పల్చటి ఒళ్లు, చొక్కా జేబులో ఎప్పుడూ మడిచిన తెల్లగుడ్డ. "గుర్రాన్ని చూస్తావా సారూ?" అని అడిగితే, "చదువుకున్నానమ్మా. బర్రెల్నీ ఎద్దుల్నీ చూసినంతగా గుర్రాల్ని చూళ్లేదు. పదండి, చూద్దాం" అన్నాడు. రాని పనిని రాదని చెప్పిన డాక్టర్ని నేను ఆయన్నే చూసినా.

వచ్చినోడు నేరుగా గుర్రం పక్కకు పోలే. కొట్టం వాకిట్లో నిలబడి, "వస్తున్నా తల్లీ, నేనే" అన్నాడు. చుక్కి చెవి ఆ మాట దిక్కు తిరిగింది. అప్పుడు అడుగు లోపలేసినాడు.

నాకు అంత కష్టంలోనూ నవ్వొచ్చె. "నువ్వెవరో దానికేం తెల్సు సారూ, నేనే అంటే?"

"నేనెవరో తెలియక్కర్లేదమ్మా. ఎవరో వస్తున్నారని తెలిస్తే చాలు. కన్ను కనపడని జీవికి చెప్పకుండా చెయ్యి తగిలిస్తే బెదిరిపోతుంది" అన్నాడు.

నీళ్లు కాగబెట్టించి, రొంత ఉప్పేయించి, సల్లారినాక ఆ నీళ్లతో కన్ను కడిగినాడు. నేను తల గట్టిగా పట్టుకుంటి. రెప్ప మెల్లగా తిప్పి, తడిపిన గుడ్డ కొసతో ఒక కొర్రపొట్టు తీసి నా గోటి మింద పెట్టి చూపించినాడు. ఇంతే ఉండాది, ఊదితే పోయేంత. "పొట్టు వచ్చేసింది. కానీ రుద్దుకున్నప్పుడు నల్లగుడ్డు మీద గీత పడింది. వాపుని చూసి భయపడకండి, అది దిగుతుంది. మన భయమంతా ఆ గీత గురించే" అన్నాడు. చీకటి కొట్టంలో కట్టెయ్యమన్నాడు. రుద్దుకోకుండా కొయ్యలకు గోనెపట్టా చుట్టించినాడు. ఈగలు వాలకుండా తన జేబులో తెల్లగుడ్డనే తడిపి దాని మొగానికి అడ్డం కట్టినాడు. గొట్టంలో మందు ఒకటి నా చేతికిచ్చి, "నేను చెప్పిన మందు తప్ప ఆ కంట్లో ఇంకేమీ పడకూడదు. ఏమీ అంటే ఏమీ" అని ఖండితంగా చెప్పినాడు. మా అత్త వాకిట్లోనే కూర్చోనుండె. సరేనని తలూపింది.

నొప్పి తగ్గడానికి చుక్కల మందు ఇంకొకటి కావల్లంట. అది ఆళ్లగడ్డలో దొరకదు, నంద్యాలకు పోవల్ల. తెల్లారి మొదటి బస్సుకే పోయినా. ఒక అంగట్లో లేదన్నారు. ఇంకో అంగట్లో, "ఎవరికి మందు?" అంటే "గుర్రానికి" అంటి. "మరి గుర్రం రాలేదే?" అని వాడు నవ్వె, పక్కనోళ్లూ నవ్విరి.

"గుర్రమొస్తే నువ్వీడ నిలబడి నవ్వుతావా? ఒక్క తన్నుకు ఆ బీరువా ఎక్కుతావు. ఉంటే ఇయ్యప్పా, లేకుంటే లేదను" అంటి. నవ్వు ఆపి, ఎతికి తెచ్చిచ్చినాడు.

సీసా కొంగులో చుట్టుకోని బస్సెక్కినా. శిరివెళ్ల కాడ టైరు పోయి బస్సు నిలిచిపాయె. ఎండ మండిపోతాంది. అందరూ దిగి చెట్ల కిందికి పోయిరి, నేను మాత్రం డ్రైవరు నెత్తిమింద నిలబడి, "ఇంకెంతసేపప్పా, ఇంకెంతసేపు?" అంటానే ఉంటి. "అమ్మా, నువ్వు అడిగినప్పుడల్లా నా చెయ్యి ఆగుతాంది" అని వాడు మొత్తుకునె. ఒళ్లో ఉండేది సీసా అనిపించలే, చుక్కి కన్నే ఒళ్లో పెట్టుకోని కూర్చున్నట్టుండె.

ఇల్లు చేరేసరికి వాకిట్లో సారు సైకిలుండాది. "వస్తున్నా తల్లీ" అనే మాట ఇనపడలే. సారు కొట్టంలో కదలకుండా నిలబడుకోనుండాడు. చుక్కి తల గోడకేసి కొట్టుకుంటాంది. మొగం మింద కట్టిన గుడ్డ కింద పడుండాది. దాని ఎడమ కన్ను సున్నం పూసినట్టు తెల్లగుండాది. చెంప మింద తెల్లటి చారలు ఎండి అంటుకోనుండాయి. గోడ వారన ఇరిచి పారేసిన జిల్లేడు కొమ్మలు కనపడె.

నాకు తెలిసిపాయె. మా దిక్కు కాలిలో ముల్లు దిగితే జిల్లేడు పాలు పోస్తారు, ముల్లు పైకి తేలుతాదని. నీళ్లు ఇంకా కారుతాండాయి గదా, పొట్టు ఇంకా లోపలే ఉండాదనుకోని మా అత్త కంట్లో పాలు పిండింది.

గోడకు తగిలించిన చర్నాకోల నా చేతిలోకి ఎట్లొచ్చిందో నాకు తెలీదు. అత్త దిక్కు తిరిగినా. ఆమె నన్ను చూడలే, సారును చూసి అడిగింది: "నాయనా, పొట్టు తేలుతాదని పోసినా. నేను పోసినదానికేనా దీని కన్ను పోయింది?"

సారు వచ్చి మా ఇద్దరి నడమ నిలబడినాడు.

"కాదు పెద్దమ్మా. నిన్న నేను పెట్టిన మందు దానికి పడలేదు. తప్పు నాది" అన్నాడు.

నేను నోరు తెరిస్తే, కండ్లతోనే ఆపినాడు. "పెద్దమ్మా, నీళ్లు కాగబెట్టండి, బాగా కడగాలి" అని ఆమెను లోపలికి పంపినాడు. ఆమె పోయినాక నేను మింద పడినా. "అబద్ధం ఎందుకు చెప్పినావు సారూ? ఆ కొమ్మలు నాకు కనపడలేదనుకుంటివా?"

"కనపడ్డాయి. నాకూ కనపడ్డాయి. ఆ కన్ను ఇక రాదమ్మా. కన్నుతో పాటు ఆమెని కూడా పోగొట్టుకుంటారా? నేను బదిలీల మనిషిని. ఎన్ని తిట్లు తిన్నా ఇక్కడే వదిలేసి పోతా. ఆమె ఈ ఇంట్లో మీతో బతకాలి. ముందు ఆ చర్నాకోల కింద పెట్టండి."

కింద పెట్టినా. ఈ మాట బయట ఎత్తనని మాటియ్యమన్నాడు. అదీ ఇచ్చినా. ఇచ్చేటప్పుడు దాని బరువు తెలీలే.

చెడిన కన్ను కుళ్లు రెండో కంటికి పాకకుండా సారు దినమూ వచ్చినాడు. కడిగేది, మందు వేసేది, వాపు దిగిందా లేదా అని చేత్తో తడిమేది. ఒక పొద్దు రెండో కంట్లోనూ నీళ్లు కారినాయి. ఆ పొద్దు సారు ఆసుపత్రికి పోలే, కొట్టంలోనే కూర్చున్నాడు. అన్నం పెడతా అంటే వద్దన్నాడు, మజ్జిగ ఒక్కటే తాగినాడు. మాపటికి నీళ్లు ఆగినాయి. "ఇది నిలబడుతుందమ్మా" అన్నాడు. నేను గోడకు తిరుక్కోని ఏడ్చినా. నేను ఏడ్చింది ఆయన చూడనట్టే సైకిలెక్కి పోయినాడు.

ఇంక ఊరి మాట. దాన్ని పుట్టించింది ఎవురనుకుంటాండారు? మా అత్తే. కుళాయి కాడ, కిరాణా అంగట్లో, కనపడినోళ్లందరికీ చెప్పె: "డాక్టరు మందు పడలేదంట, ఆయనే ఒప్పుకున్నాడు." ఆమె తప్పు లేదు, ఇన్నమాటే చెప్పింది. రైతులు ఎద్దులను తోలుకోని ఆసుపత్రి దాటి పొయ్యిరి. ఒకడు ఆసుపత్రి ముందరే నిలబడి, "సర్కారు జిల్లా నుంచి మా పశువులను గుడ్డివి చేసేదానికొచ్చినావా?" అని అరిచె. ఆడనే నేనూ నిలబడుంటి. నా నాలిక కొనకొచ్చిన మాట మింగినా. సారు వాని ఎద్దు కాడికి పోయి, "ఎద్దుకి ఏమైంది? చూపించు" అన్నాడు.

చుక్కి తేరుకున్నాక బండి కట్టినా. ఎవురూ ఎక్కలే. పక్క జట్కాలు నిండుతాండాయి, నా బండి ఎండలో నిలబడుంటాది. ఒక పొద్దన్నే సారు సైకిలు లేకుండా నడుచుకుంటా వచ్చి, చుక్కికి ఎడమ పక్క నిలబడి, "వస్తున్నా తల్లీ, నేనే" అని చెప్పి, ఎక్కి కూర్చున్నాడు. "పోనీండమ్మా, ఆసుపత్రికి."

బస్టాండంతా పగలబడి నవ్వె. "కన్ను పోగొట్టినోడే బోణీ చేసినాడు చూడండ్రా!" అని కేకలు. సారూ వాళ్లతో పాటే నవ్వినాడు. నేను పగ్గాలు బిగబట్టి ఎనక్కి తిరిగినా. "సారూ, ఒక్క మాట చెప్పి ఈళ్ల నోర్లు మూయిస్తా" అంటి. "మీరు రోడ్డు చూసి తోలండి" అన్నాడు. దినమూ అట్లనే ఎక్కినాడు. రొన్నాళ్లకు ఆసుపత్రి కాంపౌండరు ఎక్కె, ఆనక టీచర్లు ఎక్కిరి, తర్వాత ఊరే ఎక్కె. మా పొయ్యి ఆరిపోలే.

సారుకు ఆత్మకూరుకు బదిలీ అయింది. తిట్లు ఈడనే వదిలేసి పోతానన్నాడు గదా, అవి మాత్రం ఈడనే ఉండాయి, నేనే మోసినా. మా అత్త మంచం పట్టినప్పుడు నా చెయ్యి పట్టుకోని, "ఆ డాక్టరు మింద నాకు కోపం లేదే. నేను క్షమించినానని కనపడితే చెప్పు" అన్నది. నేను సరే అంటి. ఇంకేమంటా?

ఆమె పోయినాక ఒకసారి నంద్యాలలో సారు కనపడినాడు, తల నెరిసిపోయింది. ఆ మాట చెప్తే, కండ్లద్దాలు తీసి తుడుచుకుంటా నవ్వినాడు. "చాలా సంతోషమమ్మా. ఎవరూ ఊరికే క్షమించరు" అన్నాడు. "అత్త పోయింది గదా సారూ, ఇప్పుడన్నా చెప్పనా?" అంటే, "చుక్కి ఇంకా ఎడమ పక్క బెదురుతోందా?" అని అడిగినాడు. అప్పటికే చుక్కి పోయింది, ఊర్లోకి ఆటోలు వచ్చినాయి. ఆ సంగతి చెప్తే కండ్లద్దాలు మళ్లా తీసి తుడుచుకున్నాడు.

అత్త పేరు చెడగొడతాండావని నన్ను అనేటోళ్లుంటారు. అనుకోండి. ఆమె పాణమిచ్చే గుర్రం కంట్లో పోసింది గానీ, పగోళ్ల గుర్రం కంట్లో పొయ్యలే. మీ ఇండ్లల్లో ఎవురూ పొయ్యలేదా? పొగాకు నమిలి ఎద్దు కంట్లో ఊసినోళ్లు లేరా? ఆమెను తప్పు పట్టేదానికి ఇది రాయించలే. ఆ మనిషి తనది కాని తప్పు నెత్తిన పెట్టుకోని పోయినాడు, దాన్ని దించేదానికి రాయించినా. మాట తప్పినానని సారు కోప్పడితే, ఆడికి పోయినాక పడతా.

కాంపౌండరు చెప్పిన పొద్దే బస్సెక్కి నంద్యాలకు పోయినా. సారును వసారాలో చాప మింద పండుకోబెట్టినారు. నలుగురే ఉండారు చుట్టూ. నేనెవరో ఎవురికీ తెలీదు. మొగం మింద ఈగ వాలితే కొంగుతో తోలినా. కాళ్లు మొక్కుదామని వంగి, చెయ్యి ముందుకు పెట్టి, ఆగినా. ఎడమ పక్క నిలబడుకోనుండా.

"వస్తాండా సారూ, నేనే" అన్నా.

పక్కనామె నన్ను వింతగా చూసె. ఆ మాట చెప్పినాక చుక్కి చెవి తిరిగేదాకా సారు ఆగేటోడు. నేనూ అట్లనే, చెయ్యి చాపుకోని, రొంచేపు ఆగినా.