ఎలియాజర్‌కి రెండు బ్రాంచీలు

సిడ్నీలో గిరావీన్ పేటలో ఉండే ఎలియాజర్ తిండి విషయంలో రెండు కాపురాలు చేసే మనిషి. పారమటా బ్రాంచిలో ఒక ఎలియాజర్, బ్లాక్‌టౌన్ బ్రాంచిలో ఇంకో ఎలియాజర్. రెండూ ఒకే కంపెనీ స్టేక్ హౌస్‌లు. అవే ఎర్ర రెక్సిన్ సోఫాలు, అదే సలాడ్ బార్, అదే గుమ్మడికాయ సూపు, అడగకుండానే తెచ్చిపెట్టే అవే చీజ్ టోస్టులు. తేడా అల్లా మన పెద్దమనిషిలోనే.

పారమటాకి భార్య కస్తూరిని, ఏడేళ్ల కూతురు కరోలిన్‌ని తీసుకుని వెళ్లేవాడు. అక్కడ టీ-బోన్ స్టేక్ తెప్పించుకుని, ఎముకకి అంటుకున్న ముక్క కూడా వదలకుండా తీరిగ్గా తినేవాడు. బ్లాక్‌టౌన్‌కి స్నేహితుడు వాసుదేవరావు కుటుంబంతో వెళ్లేవాడు. అక్కడ చేప. రేపల్లెలో పుట్టి పెరిగినవాడికి ఆ ఉప్పూకారం లేని చేపముక్క తినడం శిక్షే అనుకోండి. అయినా నవ్వుతూ తినేవాడు. తింటున్నంతసేపూ కుడికాలు బల్లకింద ఊగుతూనే ఉండేది, కళ్లు పక్క బల్లమీది ప్లేట్లమీదికి పోయేవి. కస్తూరి మోచేత్తో పొడిచాక మళ్లీ చేప దగ్గరికి వచ్చేవి.

ఇది తొంభయ్యో సంవత్సరం నాటి మాట. సిడ్నీలో తెలుగు మాట వినబడితే రైల్లో సీటు మారి వచ్చి మరీ పలకరించుకునే రోజులు. వాసుదేవరావు బ్యాంకులో కంప్యూటర్ల పని చేసేవాడు. ఆయన భార్య శేషుకుమారి ఇంట్లోనే ఉండేది. కస్తూరి ఆసుపత్రిలో నర్సు, మధ్యాహ్నం షిఫ్టు. ఎలియాజర్‌ది ఫ్యాక్టరీలో ఫిట్టర్ ఉద్యోగం, ఇల్లు చేరేసరికి చీకటి పడేది. బడి వదిలాక కరోలిన్‌ని చూసుకునేది శేషుకుమారే. పప్పన్నం కలిపి పెట్టేది, రెండు జడలు వేసేది, ఎక్కాలు చెప్పించేది. ఆవిడ లేకపోతే కస్తూరి ఉద్యోగం లేదు. ఉద్యోగం మాట అలా ఉంచినా, ఆ దేశంలో వాళ్లని అన్నయ్యగారూ, వదినగారూ అని నోరారా పిలిచే మనిషి ఇంకొకరు లేరు.

అంత మంచి మనిషి మొదటిరోజే ఒక ప్రశ్న అడిగింది. "వదినగారూ, మీరు క్రిస్టియన్సే అనుకోండి, కానీ... అది తినరు కదా?"

"అది" అంటే ఏదో విడమర్చి చెప్పక్కర్లేదు. "ఛఛ, చికెనూ చేపలూ, అంతేనండీ" అని కస్తూరి నోరు జారింది. జారిన మాటని వెనక్కి తీసుకోలేక మొగుడూపెళ్లాలు రెండేళ్లుగా దాన్ని మోస్తున్నారు.

ఎలియాజర్ వాళ్లమ్మ దాన్ని పెద్దకూర అనేది. గోంగూర వేసి వండేది, తలుపు దగ్గరగా వేసి వండేది. బళ్లో ఎవరైనా ఏం తిన్నావని అడిగితే కోడికూర అని చెప్పమనేది. అంత గొప్ప పేరు పెట్టుకుని అంత చిన్న గొంతుతో పలికే మాట తెలుగులో ఇంకోటి ఉంటుందని నేననుకోను. అలాంటిది ఈ దేశంలో దాని బొమ్మలు గోడలకి తగిలించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఎలా కాల్చమంటారండీ అని మర్యాదగా అడిగి మరీ పెడుతుంటే, మొదటిసారి ఎలియాజర్‌కి ఆ మాంసం కన్నా ఆ కిటికీయే ఎక్కువ నచ్చింది.

ఒక ఆదివారం, ఎలియాజర్ వాళ్లు చర్చి నుంచి వచ్చాక, వాసుదేవరావు తనకి ప్రమోషన్ వచ్చిందని అందరినీ బ్లాక్‌టౌన్‌కి లంచ్‌కి పిలిచాడు. శేషుకుమారికి ఆ చీజ్ టోస్టంటే ప్రాణం. ఆడవాళ్లు కరోలిన్‌ని తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నారు, మగవాళ్లిద్దరూ ఆర్డరివ్వడానికి కౌంటర్ దగ్గర వరసలో నిలబడ్డారు. ముందు ఎలియాజర్, వెనక వాసుదేవరావు.

ఎలియాజర్ తల ఎత్తి చూశాడు. కౌంటర్లో నోరీన్ ఉంది. పారమటాలో వాళ్లకి ఎప్పుడూ వడ్డించే నోరీన్. మనుషులు బ్రాంచి మార్చినట్టే పనివాళ్లని కూడా కంపెనీ బ్రాంచి మారుస్తుందన్న సంగతి ఈ మహానుభావుడికి ఏనాడూ తట్టలేదు.

"హలో లవ్! నన్ను ఇక్కడికి మార్చారు, చూశావా? మామూలు టీ-బోనేనా? మీడియం, గ్రేవీ పక్కన?" అంది నోరీన్ హాలంతా వినబడేలా.

ఎలియాజర్ మెనూ బోర్డు వైపు కళ్లు తిప్పాడు. వెనకనుంచి వాసుదేవరావే అందుకుని నవ్వాడు. "వీళ్లకి మన ఇండియన్సంతా ఒక్కలాగే కనబడతారండీ ఎలియాజర్ గారూ. ఎవర్నో చూసి మీరనుకుంటోంది. చేప అని చెప్పెయ్యండి."

తప్పించుకునే దారి ఆయనే చూపించాడు. తలూపితే సరిపోయేది. కానీ నోరీన్ మొహం చిన్నబోయింది, నిజంగానే పొరబడ్డానేమో అన్నట్టు చూసింది. ఆ చూపు చూసేసరికి ఎలియాజర్‌కి తనమీద తనకే ఒళ్లు మండింది. రెండేళ్లు చేప నమిలిన విసుగంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది.

"ఎవర్నో కాదు రావు గారూ, నన్నే. మేం తింటామండీ. మా అమ్మ వండేది, నేనూ తింటాను, కస్తూరీ తింటుంది. మీకు అబద్ధం చెప్పాం" అన్నాడు. నోరీన్ వైపు తిరిగి టీ-బోన్ చెప్పాడు.

బల్ల దగ్గరికి వచ్చాక వాసుదేవరావు భార్య చెవిలో ఏదో అన్నాడు. కస్తూరికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, మొగుడి ముందుకి వచ్చిన ప్లేటు చూసి తెల్లబోయింది. ఎలియాజర్ ఉప్పు డబ్బా అటు జరిపాడు, ఇటు జరిపాడు. మాంసం కోశాడు గానీ నోట పెట్టలేదు. ఇక ఆగలేక అడిగేశాడు.

"చెల్లెమ్మా, రేపు బడి వదిలాక పాపని మీ ఇంటికి పంపమంటారా, వద్దా?"

"అయ్యో, అదేం మాట అన్నయ్యగారూ!" అంది శేషుకుమారి. ఆవిడ కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. "పసిపిల్ల, అదేం చేసింది? తప్పకుండా పంపండి." టోస్టు అంచు తుంచుతూ ఒక్క క్షణం ఆగింది. "ఒక ప్లేటు మాత్రం తెచ్చుకోమనండి."

కస్తూరి తల వంచుకుంది. ఎలియాజర్ కాలు ఊగడం ఆగిపోయింది. కానీ కరోలిన్ మొహం మాత్రం దీపం వెలిగించినట్టయింది.

"బ్రింగ్ ఎ ప్లేట్! వావ్, ఆంటీ, పార్టీనా?"

ఆస్ట్రేలియాలో పుట్టిన పిల్ల మరి. ఆ పిల్ల బళ్లో పార్టీ అన్నప్పుడల్లా చీటీలో ఆ ముక్క రాసి పంపుతారు. ప్లేటు తెమ్మంటే ఇంట్లో వండినదేదో ప్లేటు నిండా పెట్టుకు రమ్మని అర్థం, వచ్చినవాళ్లంతా దాన్ని పంచుకు తింటారు. ఆ దేశంలో అంతకన్నా ప్రేమగా పిలిచే పిలుపు లేదు.

"మమ్మీ, కెన్ వీ టేక్ నానమ్మాస్ పెద్దకూర? గోంగూర వేసింది? ఆంటీ హాజ్ నెవర్ హాడ్ ఇట్!"

ఆ మాట హాలు మధ్యలో, గొంతు తగ్గించకుండా పలికింది. వాసుదేవరావు ప్లేటు నిండుగా ఉండగానే సలాడ్ బార్ వైపు లేచి వెళ్లిపోయాడు.

"అది కాదమ్మా" అంది శేషుకుమారి, మొహం ఎర్రబడి. "ఖాళీ ప్లేటు. నువ్వు తినడానికి."

"ఖాళీదా? వై? మీ ఇంట్లో బోలెడు ప్లేట్స్ ఉన్నాయిగా ఆంటీ. నాకు ఫ్లవర్స్ ఉన్నది ఇస్తారుగా రోజూ."

పాపం, శేషుకుమారికీ ఏడుపొచ్చేలా ఉంది. పిల్ల జడ సరిచెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పుడు కస్తూరి తలెత్తింది. రెండేళ్ల నాడు ఛఛ అన్న ఆ గొంతేనా ఇది అనిపించేలా పలికింది.

"నేను నైట్ షిఫ్ట్‌కి మార్పించుకుంటానండీ. సాయంత్రం పాప నా దగ్గరే ఉంటుంది."

కరోలిన్‌కి ఒక్క ముక్కా అర్థం కాలేదు. అమ్మని చూసింది, ఆంటీని చూసింది, చివరికి తండ్రి చొక్కా పట్టుకుని లాగింది.

"డాడీ, సో ఆంటీ ఇంటికి ఏం తీసుకెళ్లాలి?"

ఎలియాజర్ స్టేక్‌లోంచి మెత్తటి ముక్క కోసి కూతురి ప్లేటులో పెట్టాడు.

"ఏమీ వద్దు తల్లీ. నువ్వు తిను" అన్నాడు.