ధర్మరాజు యూనివర్సిటీ మెయిల్

అడాజన్ అనే గుజరాతీ పేటలో ఒక తెలుగు పెద్దమనిషి తన మెయిల్ అడ్రసుకి ఉపనయనం చేయించాడు. పురోహితుడు బార్డోలీ నుంచి వచ్చాడు, సంభావన పుచ్చుకున్నాడు, ల్యాప్‌టాప్‌కి జంధ్యం కూడా వేశాడు. సరే, జంధ్యం మాట వదిలేద్దాం, అది ఛార్జరు తీగ కావచ్చు. పురోహితుడు వచ్చింది కూడా కింది అంతస్తులో గృహప్రవేశానికి. కానీ ల్యాప్‌టాప్‌కి కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ ముక్కలు ఇంటింటికీ పంచిన మాట మాత్రం నిజం.

ఆ పెద్దమనిషి పేరు ధర్మరాజు. హజీరాలో ఒక కర్మాగారంలో మేనేజరు. మేనేజరంటే మరీ పెద్ద మేనేజరని భ్రమపడనక్కర్లేదు. ఆయన పైన బోలెడుమంది, కింద ఒక్కడు. ఆ ఒక్కడూ సగం రోజులు సెలవు. యాభై దాటాక ఉన్నట్టుండి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాడు. చదువు మీద మమకారం కాబోలని చుట్టాలు మెచ్చుకున్నారు. చదువంటే ఆయనకి చిన్నప్పటి నుంచీ వేపాకు కషాయం. ఆయనకి కావలసినవి రెండే: చివర్లో దొరికే డాక్టర్ బిరుదు, మొదట్లోనే చేతికొచ్చే యూనివర్సిటీ మెయిల్ అడ్రసు.

అడ్రసు వచ్చిన మర్నాటి నుంచే సంసారమంతా అందులోకి కాపురానికొచ్చింది. గ్యాసు, బ్యాంకు, కరెంటు బిల్లు, అన్నీ అక్కడికే. “మెట్ల మీద చెప్పులు విడవరాదు” అని సొసైటీ వాళ్ళందరికీ మెయిల్ పెట్టాలన్నా ఆ అడ్రసు నుంచే. కింద సంతకం మాత్రం చెప్పుల సంగతి కంటే పొడవు. అది చూసి ఎదురింటి చీరల వ్యాపారి చీమన్‌భాయ్ ఒకరోజు చేతులు జోడించి “ప్రొఫెసర్ సాబ్” అన్నాడు. ధర్మరాజు ఔననలేదు, కాదనలేదు. తల కొంచెం పక్కకి వంచాడు. ఆ వంపుతోనే బిల్డింగంతటికీ ప్రొఫెసరైపోయాడు. అడ్రసులో పేరు పక్కన ఆ అంకెలేమిటని ఒకాయన అడిగితే “డిపార్ట్‌మెంట్ కోడ్” అన్నాడు. అది రోల్ నంబరు. అదే అడ్రసు చూపించి సినిమాల యాప్‌లో విద్యార్థుల రాయితీ కూడా లాగేవాడు. పగలు ప్రొఫెసరు, పొద్దుగూకితే విద్యార్థి.

వచ్చిన మెయిల్ ఒక్కటీ చెరిపే అలవాటు లేదు. లేడీస్ హాస్టల్లో నీళ్ళ ట్యాంకు కడుగుతున్నారన్న కబురు కూడా భద్రంగా దాచుకున్నాడు.

ఆరేళ్ళు గడిచాయి. థీసిస్ ఎలాగో గట్టెక్కింది, వైవాకి తేదీ ఖాయమైంది. ఆ వారంలోనే కంప్యూటర్ సెంటర్ నుంచి మెయిల్ వచ్చింది: డిగ్రీ ఇచ్చిన నెలకి విద్యార్థి ఖాతా మూసేస్తాం, కావలసినవి వేరే ఖాతాకి మార్చుకోండి. అన్నం తింటూ ఫోన్లో అది చదివిన ధర్మరాజు ఎత్తిన ముద్దని మళ్ళీ కంచంలో పెట్టేశాడు. డాక్టరైతే మెయిల్ పోతుంది. మెయిల్ ఉంచుకుంటే డాక్టరు కాలేడు.

“పోతే పోనీండి,” అంది భార్య కోమలి, పులుసు వడ్డిస్తూ. “మామూలు మెయిల్ ఉందిగా మీకు.”

“మామూలు మెయిల్ ఎవడికి లేదే? చీమన్‌భాయ్ కొట్లో చీరలు మడతపెట్టేవాడికీ ఉంటుంది.”

“వాడు దానికి కొబ్బరికాయ కొట్టలేదుగా.”

ధర్మరాజు చెయ్యి కడుక్కుని లేచాడు. మర్నాడు సెలవు పెట్టి గైడు దగ్గరికి పోయాడు. గైడు జరీవాలా సారు ఆయన కంటే పదేళ్ళు చిన్నవాడు. ఇద్దరికీ హిందీలోనే మాటలు.

“వైవా కొంచెం వెనక్కి జరపాలి సార్.”

“ఇన్నాళ్ళూ తొందరపెట్టింది మీరే కదా ధర్మరాజు భాయ్. తబియత్ బాగాలేదా?”

“తబియత్‌కేం సార్, రాయిలా ఉంది. మెయిల్ పోతుందట.”

జరీవాలా సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “చదవలేక డిగ్రీ వద్దన్నవాళ్ళని చూశాను. ఇది కొత్త జబ్బు. కంప్యూటర్ సెంటర్‌కి రెండు ముక్కలు రాసి అడగండి. రెండే ముక్కలు.”

రెండు ముక్కలతో ఆగడం ధర్మరాజు జాతకంలో లేదు. ఇన్నేళ్ళ హజీరా కొలువులో ఆయన నేర్చిన విద్య ఒక్కటే: పైవాళ్ళకి కాపీ పెట్టని మెయిల్‌కి కాళ్ళుండవు. కాబట్టి కంప్యూటర్ సెంటర్‌కి రాసి, పరీక్షల కంట్రోలరుకి కాపీ పెట్టాడు. డీనుకి పెట్టాడు. వైస్ ఛాన్సలరుకి పెట్టాడు. బలం చాలదేమోనని అధ్యాపకులందరికీ, విద్యార్థులందరికీ పోయే అడ్రసులు కూడా చేర్చాడు. “ఈ ఖాతాతో నాకున్న అనుబంధం దృష్ట్యా, దీనిని మూసివేసే పక్షంలో నాకు ప్రస్తుతం డిగ్రీ అవసరం లేదని మనవి” అని వినయంగా ముగించి, కింద విద్యార్థి ధర్మరాజు అని, రోల్ నంబరుతో సహా సంతకం చేశాడు. రోల్ నంబరు లేని అర్జీని కంప్యూటర్ సెంటర్ వాళ్ళు ముట్టుకోరు మరి.

మామూలుగా మూడు వారాలు తిరిగినా కదలని ఆఫీసు ఆ పూటే కదిలింది. కంట్రోలరు జవాబు ఒక్క వాక్యం: మీ విన్నపం మన్నించి వైవా నిరవధికంగా వాయిదా వేశాం, ఖాతా కొనసాగుతుంది.

పోయిన డాక్టరు సంగతి రేపు చూసుకోవచ్చు, మెయిల్ దక్కింది. ధర్మరాజు ఈల వేసుకుంటూ పాల ప్యాకెట్ కోసం లిఫ్టెక్కాడు. అందులో చీమన్‌భాయ్ ఉన్నాడు. మూడో అంతస్తులో తెలుగు బ్యాంకు ఆఫీసరుగారమ్మాయి తేజశ్రీ ఎక్కింది. ఆ యూనివర్సిటీలోనే మొదటి సంవత్సరం.

“అంకుల్, మీరు మా దగ్గర స్టూడెంటా? క్లాసంతా మీ మెయిలే చదువుతోంది. ఎక్‌దమ్ హిట్.”

“ఏ మెయిల్?”

“డిగ్రీ వద్దు, మెయిల్ చాలు అని రాశారే. కింద రోల్ నంబర్ కూడా ఉంది.”

చీమన్‌భాయ్‌కి తెలుగు రాదు. కానీ స్టూడెంటు, రోల్ నంబరు అన్న మాటలు ఏ భాషలోనైనా అర్థమవుతాయి. “ప్రొఫెసర్ సాబ్,” అన్నాడు మెల్లగా, “స్టూడెంట్ కౌన్? ఎవరా స్టూడెంటు?”

ధర్మరాజు లిఫ్టు మీటల వంక చూశాడు. ఇంత కష్టపడి నిలబెట్టుకున్న అడ్రసు, ఇక ఈ బిల్డింగులో ఎవరికీ చూపించరాదు.

“వేరే ధర్మరాజెవడో అయ్యుంటాడమ్మా.”

“అడ్రసు మీదే అంకుల్. చెప్పుల నోటీసు దాన్నుంచేగా వచ్చింది?”

“ఏ నోటీసు? నేనే నోటీసూ రాయలేదు. ఏ యూనివర్సిటీలోనూ చేరలేదు, ఎవరికీ కొబ్బరిముక్క పంచలేదు. నాకసలు మెయిలే లేదు.”