గిన్నె చల్లారేలోపు

"ఇగ నీ మొఖం జూస్తే నన్ను చెప్పుతోని కొట్టు."

"నువ్వు జూసినా నేను జూడ. పో."

మా పెద్దబాపు ఎల్లయ్యా, మా బాపు నర్సయ్యా ఒకరితో ఒకరు అనుకున్న ఆఖరి మాటలు ఇవే, నా చెవులతో నేను విన్నంతవరకు. బాపు అంటే నాన్న, పెద్దబాపు అంటే ఆయనకు తోడబుట్టిన అన్న. ఆ మాటలన్నాక కూడా కొన్నేళ్ళపాటు ప్రతి సోమవారం పొద్దున ఒకరి ముఖాన్ని ఒకరు జానెడు దూరం నుంచి చూసుకుంటూనే ఉన్నారు. చూడకుండా గడ్డం ఎట్లా గీస్తారు మరి!

మొన్న ఒక పనిమీద సాగర్ రోడ్డుకు పోయి, పెద్దబాపు మనవడు పెట్టిన సెలూనులో కాసేపు కూర్చున్నాను. వాడు ఒక డబ్బా ఒత్తగానే బుస్సుమని తెల్లటి నురుగు అరచేతిలోకి వచ్చింది, దుకాణమంతా నిమ్మకాయ వాసన. వేలు పెట్టి చూస్తే చల్లగా ఉంది.

"గింత సల్లటిది మొఖానికి ఎట్ల రాస్తవ్‌రా?" అన్నాను.

"గిప్పుడు గిదే అత్తా. నీళ్ళు కాగబెట్టుకుంట కూసుంటే గిరాకి లేసిపోతది" అని నవ్వాడు.

వాడి చెల్లె స్వప్న అక్కడే ఉంది. ఆదిభట్లలో ఉద్యోగం, కంపెనీ బస్సెక్కి పోయి వస్తుంది. "మరి మా తాత ఎట్ల జేస్తుండె అత్తా?" అని అడిగింది. నాకు సంతకం వరకే చదువు. నేను చెప్తాను, నువ్వు రాయమన్నాను. ఇప్పుడు చెప్తున్నది అదే.

మేము మంగలివాళ్ళం. కాగితాల మీద నాయీ బ్రాహ్మణులని రాస్తారు, ఊరు మాత్రం మంగలోళ్ళనే పిలిచింది, మేమూ పలికినాం. ఇంట్లో నురుగు చేసే పని నాది. ఆడపిల్ల కత్తి ముట్టరాదు గానీ గిన్నె ముట్టవచ్చునని మా నాయనమ్మ తీర్పు. పొద్దు పొడవకముందే లేచి, పిడకల పొయ్యి మీద కాగులో నీళ్ళు మరగబెట్టేదాన్ని. చలికాలంలో ఆ పొయ్యి ముందు నుంచి లేవబుద్ధి కాకపోయేది. పిడకల పొగా, పక్కపొయ్యి మీద నాయనమ్మ కాల్చే జొన్నరొట్టె మాడు వాసనా, పెంకుల మీద నుంచి జారే మంచు చుక్కలూ, అన్నీ కలిసి ఆ వేళకు ఒక రుచి ఉండేది. అంచు దగ్గర సొట్టపోయిన ఇత్తడి గిన్నె ఒకటుండేది మాకు. అందులో మరిగే నీళ్ళు పోసి చుట్టూ తిప్పి, గిన్నె అడుగు అరచేతిలో నిలవనంత వేడెక్కాక నీళ్ళు పారబోసి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, అప్పుడు సబ్బు వేయాలి. గుండ్రటి గడ్డం సబ్బు అరిగి అరిగి రూపాయి బిళ్ళంతైనా పారేసేవాళ్ళం కాదు, ముక్కలన్నీ కలిపి నానబెట్టేవాళ్ళం. దాని మీద చెంచాడు వేడినీళ్ళు చిలకరించి, బ్రష్షుతో మజ్జిగ చిలికినట్టు ఒకే దిక్కుకు తిప్పితే మొదట పెద్ద పెద్ద బుడగలు లేచేవి, తరువాత అవి చిన్నవై, మెల్లగా వెన్నలాగ గట్టిపడేది. అప్పుడు ఆ గిన్నెను వేడినీళ్ళున్న పెద్ద పళ్ళెంలో పెట్టి చల్లారకుండా కాచుకోవాలి.

మొదట్లో నాకు ఆ ఓపిక లేదు. వెచ్చగానే కదా ఉండాల్సింది అని ఒకనాడు గిన్నెను ఏకంగా నిప్పుల మీద పెట్టాను. నురుగు పాలు పొంగినట్టు పొంగి, చూస్తుండగానే చప్పబడి, పచ్చటి నీళ్ళై అడుగుకు పోయింది. నాయనమ్మ నా నెత్తి మీద ఒకటి మొట్టి, "సబ్బును గూడ సారు వెడ్తవానే?" అన్నది. ఆ సబ్బుచారు మాట పట్టుకుని బాపు వారం రోజులు నన్ను ఏడిపించాడు.

ఇంతకూ వాళ్ళు ఎందుకు కొట్లాడారంటే, ఊళ్ళో గడ్డాలు గీసే ఇండ్లను అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు, పడమటి వాడ బాపుది, తూర్పు వాడ పెద్దబాపుది. బాపు చలిజ్వరంతో పడి ఉన్నప్పుడు పడమటి వాడలో పెండ్లి వచ్చింది. పెండ్లికొడుకు గడ్డం ఆగదు కదా, పెద్దబాపు పోయి గీసి, వాళ్ళు పెట్టిన కొత్త ధోవతి తెచ్చుకున్నాడు. తమ్ముడి ఇల్లు చేజారకుండా కాపాడానని ఆయన అన్నాడు. పానం బాగలేనప్పుడు నా ఇంట్లో దూరాడని ఈయన అన్నాడు. ధోవతి నడి వాకిట్లో పడింది, పైన చెప్పిన మాటలు పడ్డాయి, వాకిలి నడుమ తడక లేచింది.

కానీ గడ్డాలు తడకలను ఎరుగవు. కత్తి పట్టినవాడు తన మెడకు తానే కత్తి పెట్టుకోరాదని మా ఇంటి పట్టు, నాయనమ్మ బతికుండగా దాన్ని దాటే ధైర్యం ఇద్దరికీ లేదు. ఇంట్లో కత్తి పట్టేది వాళ్ళిద్దరే. ఆదివారం అంతా ఊరికి గీయాలి, మంగళవారం ఎవరూ ముట్టరు, అందుకని సోమవారం పొద్దున తడక పక్కకు జరిపి రెండు పీటలు ఎదురెదురుగా వేసేవాళ్ళు. మాట మోసే పని కూడా నాకే పడింది.

"లచ్చీ, గదువ పైకెత్తమని మీ బాపుకు జెప్పు" అనేవాడు పెద్దబాపు, బాపు గడ్డం ఆయన చేతిలోనే ఉండగా.

"బాపూ, గదువ ఎత్తాలంట."

"ఎత్తిన్నని జెప్పు. కండ్లు కానొస్తలెవ్వా అని అడుగు."

"ఇన్న తియ్యి. కండ్లు మంచిగనే ఉన్నయని జెప్పు. కత్తి నా చేతులున్నదని గూడ జెప్పు."

అరుగు మీద నుంచి నాయనమ్మ, "థూ మీ బతుకులు జెడ! పొల్లను తంతి తపాలా జేసిండ్రు గదరా" అని తిట్టేది. ఆ తిట్టుకు ఇద్దరి పెదవులూ కదిలేవి, నవ్వు బయటికి రాకుండా ఒకరికి నురుగు, ఇంకొకరికి కత్తి అడ్డం పడేది.

నురుగులో కూడా ఇద్దరికీ పడేది కాదు. గట్టిగా నిలుస్తుందని పెద్దబాపు ఒక చుక్క కుంకుడు రసం కలపమనేవాడు, కండ్లు మండుతాయని బాపు వద్దనేవాడు. నేను ఒకే గిన్నెలో ముందు ఒకరికి, తరువాత ఇంకొకరికి చేసేదాన్ని. నాకు ఒక సంగతి అర్థమైంది. నురుగు వెచ్చగా ఉన్నంతసేపే వాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటారు. చల్లబడితే వెంట్రుక బిరుసెక్కుతుంది, కత్తి పట్టి లాగుతుంది, తొందరగా ముగించి లేస్తారు. అందుకే గిన్నెకు గుడ్డ చుట్టేదాన్ని, పళ్ళెంలో నీళ్ళు రెండు మూడుసార్లు మార్చేదాన్ని. ఇంకొంచెంసేపు కూర్చుంటే ఒక్క మాటైనా నోరు జారకపోతుందా అని నా ఆశ. పెత్తరమాసకు పెద్దలకు పెట్టిన బూరెలు తడక మీదుగా అటూ ఇటూ నేనే మోశాను, బోనాల నాడు రెండు ఇండ్లకు ఒకే యాటకూర నేనే పంచాను. మాట మాత్రం రాలేదు.

అట్లా ఉండగా పెద్దబాపు పట్నంలో దుకాణం చూసుకున్నాడు. ఇల్లు ఖాళీ చేసేది సోమవారం అని తెలిసింది. మాట్లాడకుండానే పోతే ఇక ఎప్పటికీ మాట్లాడరని నాయనమ్మ ఆ వారం అన్నం సరిగా తినలేదు.

ఆ పొద్దు పెట్టెలు వాకిట్లో కట్టి ఉన్నాయి. ఎప్పటిలాగే పీటలు వేసుకున్నారు. పెద్దబాపు బాపు గడ్డం గీసి, పటిక రుద్ది, తుండుతో తుడిచాడు. పని అయిపోయింది. ఇక బాపు లేచి తాను కత్తి అందుకోవాలి. బాపు లేవలేదు. కండ్లు మూసుకుని గదువ మళ్ళీ పైకెత్తాడు, ఎవరూ చెప్పకుండానే.

పెద్దబాపు ఆ నున్నటి ముఖాన్ని చూస్తూ ఉండిపోయాడు. తరువాత నా దిక్కు తిరిగి, "లచ్చీ, గిన్నె సల్లగైంది బిడ్డా" అన్నాడు.

నేను పొయ్యి దగ్గరికి ఉరికాను. వేడి గిన్నె తేగానే, గీసిన గడ్డానికే మళ్ళీ నురుగు పట్టించాడు, చెవి దగ్గర నుంచి మెడ దాకా, పండుగకు గోడకు సున్నం వేసినట్టు నిమ్మళంగా. మళ్ళీ గీశాడు. గీయడానికేమీ లేదు కాబట్టి కత్తి చప్పుడు కూడా లేదు. ఆ తరువాత బాపు కూడా ఆయనకు అట్లాగే రెండుసార్లు గీశాడు. చిక్కుడుకాయలు ఒలుస్తున్న నాయనమ్మ చేతులు ఆగిపోయాయి, ఆనాడు ఆమె ఎవరినీ తిట్టలేదు. పట్నం పోయే బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. పెద్దబాపు తరువాతి బస్సుకు పోయాడు. పోయేటప్పుడు వాళ్ళు ఏమైనా అనుకుంటారేమోనని వెనకే నడిచాను. ఏమీ అనుకోలేదు.

ఆ తరువాత బాపుకు సోమవారం సోమవారం పట్నంలో పని పడేది. ఏం పనో చెప్పేవాడు కాదు, సాయంత్రానికి నున్నటి గడ్డంతో దిగేవాడు. పెద్దబాపుకూ ఎవరో ఒకరు గీయాలి కదా. అక్కడ నడుమ మాట మోయడానికి నేను లేను. మరి గదువ ఎత్తమని ఎవరు చెప్పినట్టు? తరువాత చాలా ఏళ్ళకు పెద్దబాపు కొడుకును, అదే స్వప్న వాళ్ళ నాన్నను అడిగాను. "నన్ను దుకాణంకాడ నిలవడనిస్తే గదా చెల్లే, బడికి తరుముతుండె" అన్నాడు.

పెద్దబాపు కన్నుమూశాక బాపు గడ్డం పెంచాడు. ఊరందరికీ గీసే మనిషికి ఎదురొమ్ము మీదికి తెల్లటి గడ్డం. గిరాకికి వచ్చినవాళ్ళు, "నర్సన్నా, ఊరందరికి గీకుతవ్, నీకేంది గీ గడ్డం?" అని ఎగతాళి చేసేవాళ్ళు. "గీసేటోడు పోయిండు" అనేవాడు బాపు, చేతిలో పని ఆపకుండా. అన్నను గురించి అంతకన్నా ఒక్క ముక్క ఎన్నడూ అనలేదు.

ఇప్పుడు ఆ వాకిలి లేదు, రోడ్డు పెరిగి అందులో కలిసింది. కాగు లేదు, పిడకలు లేవు, ఇత్తడి గిన్నె ఎవరి వాటాకు పోయిందో తెలియదు. మా ఇంటాయన బతికున్నన్నాళ్ళు ట్యూబులో క్రీమే వాడాడు, గిన్నె వెచ్చబెడతానంటే నవ్వేవాడు. ఆయన కూడా పోయి రెండేండ్లు దాటింది. నాదర్‌గుల్ దిక్కు నుంచి, నడపడం నేర్చుకునే పిల్లల విమానాలు నెత్తి మీద గుయ్యిమంటూ తిరుగుతుంటే, ఎవరి మాట ఎవరికీ వినబడక స్వప్న నడుమ నడుమ రాయడం ఆపుతున్నది.

అయిపోయింది బిడ్డా, ఇగ రాసుడు బంద్ జెయ్యి. ఏదీ, మొదట్నించి ఒక్కపారి సదువు. నువ్వు తడకకు ఆవలి ఇంటి పిల్లవు, నీ గొంతుతోని వినాలని ఉన్నది. జర పెద్దగ సదువు.