కిటికీలోంచి వేసిన టవాలు

మా వైపు ఊళ్లల్లో పార్టీ కొట్లాటలు ముదిరిన రోజుల్లో, బస్టాండుల్లో కొత్తవాళ్లు అడిగితే మేం సొంత ఊరి పేరు చెప్పేవాళ్లం కాదు. ఊరు తెలిస్తే పార్టీ తెలిసిపోతుందని భయం.

పులివెందుల బస్టాండులో బెంచీ మీద టవాలు పరుచుకుని కూర్చున్న ముసలాయన నన్ను అదే అడిగాడు.

"యా ఊరప్పా?"

"తొండూరు" అన్నాను. అబద్ధం.

ఆయన తనది ఫలానా ఊరని మా ఊరి పేరే చెప్పాడు. ఎదుటి పార్టీవాళ్లు ఇంటికి నిప్పు పెడితే పారిపోయి వచ్చాడట. అప్పట్నుంచీ ఆ బెంచీయే ఇల్లు.

"ఈడ తోడు లేకేంలే. ఆ మూల అడుక్కునే కండ్లు లేని ఆయప్పా నేనూ ఒకే పొట్లంలో తింటాం. జరమొస్తే ఆయప్పే నీళ్లు తాపుతాడు. మా ఊరి సంగతులు చెప్పేటోళ్లే దొరకరు. నువ్వెప్పుడన్నా ఆ పక్క పోయింటివా?"

"లేదు."

ఇంతలో మా ఊరి బస్సు వచ్చింది. జనం ఎగబడ్డారు. ఆయన గబగబా లేచి, తన టవాలు కిటికీలోంచి వేసి సీటు పట్టాడు.

"పో నాయనా" అన్నాడు నాతో మెల్లగా. "అచ్చం మీ నాయన మొగమే."

తల వంచుకుని ఎక్కి, ఆ టవాలు మీదే కూర్చున్నాను. బస్సు కదులుతుంటే ఆయన కిటికీ కింద చెయ్యి చాపాడు.

"నా టవాలప్పా!"

బస్సు నిండా మా పార్టీవాళ్లు. ఆయన్నెరుగనట్టు ముందుకే చూస్తూ కూర్చున్నాను.

ఆ టవాలు ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఎవరిదని పిల్లలడిగితే, బస్సులో దొరికిందని చెబుతాను.