డ్రయ్యరుకు పెట్టిన బొట్టు

ఏలూరులో ఆ ఏడు దసరా వెళ్లినా వాన వెళ్లలేదు. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. మర్నాడు డ్యూటీకి కట్టుకోవాల్సిన తెల్లచీర ఇంకా తడిగానే ఉంది, రెండోది మాసిపోయింది. బట్టలారబెట్టే డ్రయ్యరేమో లైట్లు వెలిగించి, కుయ్యిమని ఊరుకుంటోంది.

“మెకానిక్కుని పిలవండీ.”

“ఈ వానలో రాలేనన్నాడు. నేనే చూస్తాను.”

“మీరా? మొన్న మీరు బల్బు మారిస్తే ఫ్యూజు మార్చాల్సొచ్చిందండీ!”

అయినా పట్టు వదల్లేదు. ప్లగ్గు, స్టెబిలైజరు, తలుపు అన్నీ బాగానే ఉన్నాయి. బాగా లేనిది నా మొహమే. చివరికి స్టార్టు బటను చూస్తే, లోపలికి వెళ్లింది వెళ్లినట్టే ఉండిపోయింది. చుట్టూ ఎర్రటి మరక. ఆయుధపూజనాడు అత్తగారు పెట్టిన తడి కుంకుమ సందులోకి దిగి గట్టిపడింది. ఎవరో బటను నొక్కే ఉంచారని లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు అనుకుంటోంది.

“అన్నిటికీ బొట్టు పెట్టి, దీనికి మానేస్తే ఏం బావుంటుంది బాబూ?” అన్నారు అత్తగారు.

ప్లగ్గు తీసి, మా ఆవిడ ఇచ్చిన స్పిరిట్టులో దూది ముంచి ఆ సందంతా తుడిచాను. తుడవగా తుడవగా బటను పైకి లేచింది. మళ్లీ ప్లగ్గు పెట్టి నొక్కితే డ్రమ్ము తిరిగింది. చీర వెచ్చగా చేతికొచ్చినా డ్రయ్యరు దగ్గర్నుంచి కదల్లేదు.

“ఇక కూర్చోండీ, అదేం పారిపోదు,” అంది మా ఆవిడ, ఆ చీరకు ఇస్త్రీ చేస్తూ.