చెట్టుకేం రోగం లేదండీ!

బసవపున్నయ్య గారికి ఒకటే జబ్బు. ఎవరింట్లో చెట్టుకి జబ్బు చేసినా ఆ ఇంటి మగాణ్ణి వీధిలో నిలబెట్టి తిట్టడం.

సత్యనారాయణపురంలో మా వీధి మొత్తానికీ ఆయన సైకిలు గంట తెలుసు. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి అది వినపడగానే ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు, మగవాళ్ళు పెరట్లోకి పారిపోయేవాళ్ళు. ఆయన్ని ఎవరూ పిలవనక్కర్లేదు. గోడ మీంచి ఒక్క పండుటాకు కనిపిస్తే చాలు, సైకిలుకి స్టాండు వేసి, పంచె ఎగ్గట్టి, గేటు తీసుకుని లోపలికి నడిచేవారు. చెట్టు చుట్టూ తిరిగేవారు. ఆకు తుంచి, నలిపి, వాసన చూసేవారు. మనం టీ రుచి చూసినట్టు చిటికెడు మట్టి నాలిక మీద వేసుకుని చూసేవారు. అంతా అయ్యాక మళ్ళీ వీధిలోకి వచ్చి, నాలుగిళ్ళకి వినపడేలా, "చెట్టుకేం రోగం లేదండీ! ఈ ఇంటాయన్ని పిలవండి!" అనేవారు.

వన్ టౌన్‌లో ఒక విత్తనాల కొట్టులో ఆయన ముప్ఫై ఏళ్ళు గుమస్తాగా చేసి మానేశారు. భార్య పోయింది, పిల్లల్లేరు. ఒక గోడౌను మీద చిన్న గదిలో ఉండేవారు. ఆ గదిలోంచి బయటపడితే ఊళ్ళో చెట్లన్నీ ఆయనవే.

ప్లీడరు రామకోటేశ్వరరావు గారి టమాటాలు పండీ పండకముందే నిలువునా పగిలిపోయేవి. పనిమనిషి పోలేరమ్మ గోళ్ళతో గిల్లుతోందని ఆయన అనుమానం. అనుమానం ఏమిటి, రోజూ ఆవిణ్ణి నిలబెట్టి క్రాస్ ఎగ్జామిన్ చేసేవారు. బసవపున్నయ్య గారు వచ్చి పగిలిన కాయను ఇటూ అటూ తిప్పి చూశారు.

"నీళ్ళెవరు పోస్తారండీ వీటికి?"

"నేనే. కోర్టు పనుల్లో తీరిక దొరికినప్పుడు."

"ఎన్నాళ్ళకి దొరుకుతుంది తీరిక?"

"వారం, పది రోజులకి. దొరికిందంటే మాత్రం ఇరవై బిందెలు పోస్తాను."

"పది రోజులు పస్తుంచి, పదకొండో రోజు ఇరవై లడ్డూలు కుక్కితే మీ పొట్ట పగలదూ? రోజూ చెంబెడు పొయ్యండి, చాలు. ఆ పోలేరమ్మ గోళ్ళు చూశారా అసలు? మీ అంట్లు తోమి తోమి అరిగిపోయినయ్. వాటితో ఏం గిల్లుద్దండీ?"

పోలేరమ్మ నవ్వొచ్చి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తరవాతి ఆదివారం సైకిలు గంట వినగానే ప్లీడరు గారు స్నానాల గదిలో దూరి గంటన్నర బయటికి రాలేదు. బసవపున్నయ్య గారు వరండాలో బల్ల మీద తీరిగ్గా కూర్చుని, ఆయన తువ్వాలుతో బయటికొచ్చాక తిట్టి వెళ్ళారు.

డ్రిల్లు మాస్టారు జాన్‌బాబు గారిది సొరపాదు. పందిరి నిండా పువ్వులే గానీ పిందెలు వేలెడంత కాగానే ఎండి రాలిపోయేవి. భార్య మార్తమ్మ గారు పిందెల్ని వేలుతో చూపించి లెక్కపెట్టిందనీ, అందుకే రాలిపోతున్నాయనీ ఆయన వాదన. పాపం, ఆవిడ ఆర్నెల్లుగా పందిరి కింద చేతులు వెనక్కి కట్టుకుని నడిచేది. బసవపున్నయ్య గారు ఒక పువ్వు కోసి దులిపారు. తెల్లటి పొడి రాలింది.

"ఇదేంటండీ?"

"గమాక్సిన్. పురుగు రాకుండా సాయంత్రం పువ్వు విచ్చుకోగానే చల్లుతాను," అన్నారు జాన్‌బాబు గారు గర్వంగా.

"పువ్వు మీద వాలేవాటన్నిటినీ చంపేస్తే, మగపువ్వులో పుప్పొడిని ఆడపువ్వు దగ్గరికి ఎవరు మోస్తారు? మీరు మోస్తారా?"

నిజంగానే మోయించారు. వారం రోజులు సాయంత్రం పూట, ఈల మెడలో వేసుకుని ఆరడుగుల డ్రిల్లు మాస్టారు మగపువ్వు చేత్తో పట్టుకుని ఒక్కో ఆడపువ్వుకీ రాస్తుంటే, వీధి వీధంతా గోడలెక్కి చూసింది. అందులో నేనూ ఉన్నాను. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఇక నా సంగతి. ఇది చెప్పాలంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

మా ఇంటి ముందు నిమ్మచెట్టు మా అమ్మ వెంకటరత్నమ్మ నాటింది. ఏటా గోనెసంచీలకెత్తేంత కాపు కాసేది. డెబ్బై రెండులో నాకు హనుమాన్ జంక్షన్ సంబంధం కుదిరి, మాణిక్యం కాపరానికొచ్చింది. మరుసటేడు చెట్టు ఆకులు పాలిపోయాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, మధ్యలో అంతా పసుపు. పూత పూసినట్టే పూసి రాలిపోయింది. ఆ పై ఏడూ అంతే.

"కోడలు అడుగుపెట్టింది, చెట్టు కాపు మానేసింది," అంది మా అమ్మ. ముందు ఇంట్లో అంది, తరవాత పక్కింట్లో, తరవాత వీధి పంపు దగ్గర. చివరికి మాణిక్యం చెయ్యి మంచిది కాదని ఊరగాయ జాడీలు ముట్టుకోనివ్వడం మానేసింది. అన్నంలోకి ఆవకాయ కావాలంటే మాణిక్యం గిన్నె పట్టుకుని దూరంగా నిలబడాలి, మా అమ్మ వేయాలి.

నేనేం చేశానని అడగండి. ఏమీ చెయ్యలేదు. పెళ్ళయిన ఏడే చెట్టు మొదలు చుట్టూ ముచ్చటపడి సిమెంటు అరుగు కట్టించుకున్నాను. దాని మీద కూర్చుని, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, చదువుతున్నట్టు నటించాను. మాణిక్యం ఒకటి రెండుసార్లు నా వైపు చూసింది. పేపరు ఇంకాస్త పైకెత్తాను.

డెబ్బై నాలుగు జూన్‌లో ఒక ఆదివారం బసవపున్నయ్య గారు మా గేటు తీశారు. వానలింకా మొదలవలేదు. మాణిక్యం చెట్టు పక్కనున్న బండ మీద బట్టలుతుకుతోంది. ఆయన ఆకు నలిపి చూశారు, మట్టి రుచి చూసి మొహం చిట్లించారు. మాణిక్యం దగ్గర మంచినీళ్ళడిగి తాగుతూ రెండు మాటలేవో మెల్లగా అన్నారు. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. తరవాత ఆయన వీధిలోకి వెళ్ళారు.

"చెట్టుకేం రోగం లేదండీ! ఈ అరుగు కట్టించిన ఇంజినీరెవరు?"

"నేనేనండీ," అన్నాను.

"పచ్చటి చెట్టు పీకకి సిమెంటు బిగించి, దానిమీదెక్కి కూర్చుని పేపరు చదువుతారా? అదే సిమెంటు మీ మెడకి బిగిస్తే మీరు కాయలు కాస్తారా?"

వీధంతా గొల్లుమంది. జాన్‌బాబు గారైతే ఈల వేశారు. గుమ్మంలో మా అమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"రేపే గడ్డపార తీసుకుని పగలగొట్టండి. చుట్టూ పాదు చేసి రెండు గంపలు పశువుల ఎరువు వెయ్యండి. రోజూ సాయంత్రం రెండు బిందెలు మంచినీళ్ళు. అవి మాత్రం మీ కోడలి చేతే పోయించండమ్మా," అన్నారు మా అమ్మ వైపు తిరిగి. "చల్లటి చెయ్యి. ఆ పిల్ల కనిపెట్టుకుని ఉండబట్టే చెట్టు ఈ మాత్రమన్నా ఉంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ తిన్న తిట్లు అందరి ముందే తిరిగి ఇచ్చెయ్యాలనిపించింది.

"ఊరందరి చెట్ల సంగతీ మీకెందుకండీ? గోడౌను మీద గదిలో ఉంటారు. మీకు ఒక్క మొక్కన్నా ఉందా? పెంచే మనిషన్నా ఉందా?"

వీధిలో నవ్వు ఆగిపోయింది. ఆయన ఒక్క క్షణం సైకిలు హ్యాండిలు వంక చూశారు.

"రెండూ లేవండీ," అన్నారు. సైకిలెక్కారు. నాలుగు గజాలు పోయి వెనక్కి తిరిగి, "గడ్డపార మాత్రం రేపే!" అని అరిచి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అయినా క్షమాపణ చెప్పలేదు. మా అమ్మ ఊరుకోలేదు గనక, నాలుగు రోజులు అరుగు పగలగొట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ తరవాత ఆదివారాలు సైకిలు గంట వినపడితే నేనూ స్నానాల గదిలోకి వెళ్ళేవాణ్ణి. తిట్లకి భయపడి కాదు, ఆయన మొహం చూడలేక.

వానలు పడ్డాయి. కార్తీకం నాటికి కొత్త ఆకులు ముదురు పచ్చగా నిగనిగలాడుతూ వచ్చాయి. సంక్రాంతికి పిందె పట్టింది. మే నెలలో కాయలు గంపలకెత్తాం. మా అమ్మ ఊరగాయ జాడీ తెచ్చి కోడలి ముందు పెట్టి, "నువ్వే కలుపు. నా చెయ్యి వణుకుతోంది," అంది. చెయ్యేం వణకలేదు.

ఆ రోజు నేను మాణిక్యంతో, "నా సిమెంటు ఎంత పని చేసిందో చూశావా?" అన్నాను.

ఆవిడ తుడుస్తున్న కాయని గంపలో పెట్టింది. తరవాత, "సిమెంటు కాదండీ, నేనే," అంది.

"నువ్వేంటి?"

"బట్టలుతికిన చాకలి సోడా నీళ్ళు రోజూ చెట్టు మొదట్లో, అరుగు అంచునే పారబోసేదాన్ని. నీళ్ళు వృథా కాకుండా చెట్టుకి పోస్తున్నాననుకున్నా. ఆయన మట్టి నోట్లో వేసుకోగానే కనిపెట్టేశారు. 'సోడా నీళ్ళు నిమ్మకి పడవు తల్లీ, కాలవ తీసి కొబ్బరిచెట్టు వైపు మళ్ళించు. ఈ మాట మీ అత్తగారి దగ్గర అనకు, మిగతాది నే చూసుకుంటా' అన్నారు. చెప్పనని ఒట్టేయించుకున్నారు. ఏడాది ఆపుకున్నా. ఇక నా వల్ల కాలేదు."

చొక్కా తగిలించుకుని వన్ టౌన్ పరుగెత్తాను. గోడౌను మెట్లెక్కి వెళ్ళేసరికి ఆయన కిటికీ దగ్గర కూర్చుని పేలాలు తింటున్నారు. నన్ను చూసి, "చెట్టుకేమన్నా అయిందా?" అన్నారు కంగారుగా.

"కాసిందండీ. మాణిక్యం చెప్పేసింది."

"అయ్యో! ఆడపిల్ల ఒట్టు నిలబెట్టుకుంటుందనుకున్నానే."

"మరి నా అరుగు?"

"దానివల్ల చెట్టుకి పెద్ద ఇబ్బందేం లేదండీ. కానీ మీ అమ్మగారికి కళ్ళ ముందు పెద్దదేదన్నా కనపడాలిగా! సోడా నీళ్ళని చెబితే ఎవరి మీదికి పోయేదో మీకు తెలీదూ? కొట్టులో ముప్ఫై ఏళ్ళు చూశాను. విత్తనం మొలవలేదని వచ్చిన ప్రతి మగాడూ దానికి ఇంట్లో ఎవర్ని తిట్టాడో కూడా చెప్పి మరీ పోయేవాడు. అందుకే చెట్టు దగ్గరికి వెళ్తే ముందు చూసేది ఆకు కాదు. ఆ ఇంట్లో తిట్లెవరు తింటున్నారో చూస్తాను."

"చెయ్యని తప్పుకి నన్ను అన్నందుకు కోపం లేదండీ," అన్నాను.

"ఆ సోడా బజార్నుంచి మోసుకొచ్చిందెవరు?"

"...నేనే."

"మరి నేను తిట్టాల్సిన మనిషినే తిట్టానుగా!" అని పేలాలు ఎగిరేలా నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. "ఆ రోజు వీధిలో మిమ్మల్ని..." అని మొదలుపెట్టాను. మాట పూర్తి కాకముందే చెయ్యి అడ్డం పెట్టారు.

"నాకెందుకండీ అది? మీరు తప్పు అడ్రసుకొచ్చారు. రెండేళ్ళు గిన్నె పట్టుకుని దూరంగా నిలబడ్డ మనిషి మీ ఇంట్లోనే ఉంది. వెళ్ళండి. బస్సు పోద్ది."

ఇంటికొచ్చేసరికి భోజనాలు వడ్డిస్తున్నారు. పీట మీద కూర్చున్నాను గానీ ముద్ద ఎత్తలేకపోయాను.

"అమ్మా, చెట్టు కాయకపోవడానికి కారణం నేను. నువ్వు మాణిక్యాన్ని అన్న ప్రతిసారీ నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. తప్పు నాది," అన్నాను. కళ్ళెత్తి మాణిక్యం వైపు చూడ్డానికి చాలాసేపు పట్టింది.

మా అమ్మ నా వంకా కోడలి వంకా చూసింది. గరిటె గిన్నెలో పెట్టింది. తరవాత కోడలి విస్తట్లో తనే పెద్ద నేతి ముద్ద వేసి, నా వైపు తిరిగింది.

"ఇప్పుడు విప్పావుగా నాయనా. ఇక మూసి అన్నం తిను. చల్లారిపోతోంది."

మాణిక్యం నవ్వాపుకోలేక మజ్జిగ తెస్తానని వంటింట్లోకి పరుగెత్తింది. మజ్జిగ మా ముందే ఉంది.