నాలుగు కుడిపక్కన, ఐదు ఎడమపక్కన

చెదలు పట్టిన పుస్తకాల అలమారకు కొత్త తలుపులు పెట్టించుకుందామని ఈ వారం ఇంటికి వడ్రంగిని పిలిపించాను. పేరు నదీం, పని వెతుక్కుంటూ ఉత్తరప్రదేశ్ నుంచి మా మహబూబ్‌నగర్ దాకా వచ్చినవాడు, నెమ్మదస్తుడు. అతను వరండాలో కూర్చుని టేకు చెక్కను చిత్రిక పట్టడం మొదలుపెట్టగానే ఆ పొట్టు వాసన వంటింటి దాకా వచ్చింది. చాయ పెడుతున్నదాన్ని పొయ్యి ఆపేసి వెళ్లి వరండాలో కూర్చున్నాను. కొందరికి తండ్రి అంటే చుట్ట వాసన, కొందరికి చెమట వాసన. నాకు బాపు అంటే పచ్చి టేకు వాసన.

అరవైల మొదట్లో మేము అచ్చంపేటలో ఉండేవాళ్లం. అమ్రాబాద్ అడవి నుంచి దుంగలు దిగే ఒక గుత్తేదారు కలప డిపోలో బాపు మున్షీ. ఏ దుంగ ఎంత పొడవు, ఎంత చుట్టు, ఎవరి లారీలో పోయింది, అన్నీ ఆయనే రాయాలి. సాయంత్రం ఇంటికి వచ్చి అంగీ విప్పి దండెం మీద వేస్తే వసారా అంతా అడవి వచ్చి కూర్చున్నట్టుండేది. బాపు చదువు నిజాం కాలంలో పాలమూరులో, అంటే ఈ మహబూబ్‌నగర్‌లోనే, ఉర్దూలో సాగింది కాబట్టి లెక్క ఉర్దూలో, ఉత్తరం ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు చరచరా లాగే సంతకమూ ఉర్దూలోనే. తెలుగులో ఒక్క అక్షరం రాదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే చిన్నబుచ్చుకునేవాడు గాని బయటపడేవాడు కాదు.

"తెలుగు మాట్లాడతందుకు, ఉర్దూ సదువుతందుకు. దినాం మాట్లాడేదాన్ని మల్ల సదువుడేంది?" అని కొట్టిపారేసేవాడు.

నేనేమో తెలుగు బడి పిల్లను. అమ్మకు రెండూ రావు, కానీ మా ఇద్దరికంటే కథ ఆమెకే ఎక్కువ కావాలి. ఆ కథకు అసలు పేరేదో ఉండేది గాని మా ఇంట్లో దానితో పని పడలేదు, మాకు అది అన్నదమ్ముల కథ. మంత్రాలు, మాట్లాడే గుర్రాలు, కదిలే కోటలు నిండిన ఆరు పుస్తకాల దాస్తాన్ అది. అందులో మొదటి మూడూ బాపు చదువుకునే రోజుల్లోనే చదివి, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చెబుతూ వచ్చాడు. వానాకాలం మక్క కంకులు కాల్చుకుంటూ, ఎండాకాలం చెంచు ఆడవాళ్లు గంపల్లో తెచ్చి అమ్మే మొర్రిపండ్లు తిని గింజ ఊస్తూ, చలికాలం పొయ్యి ముందు పెసర గుడాలు నములుతూ విన్నాను నేను. చిర్రగోనె ఆటలో ఓడి ఏడుస్తూ ఇంటికొచ్చినా, "అన్నదమ్ములు ఎంతదాకొచ్చిన్రు?" అని బాపు అడిగితే ఏడుపు ఆపి జవాబు చెప్పేదాన్ని.

మూడో పుస్తకం చివర వరదలో అన్న ఒక ఒడ్డుకూ, తమ్ముడు ఇంకో ఒడ్డుకూ కొట్టుకుపోతారు. నాలుగో పుస్తకం బాపుకు ఎక్కడా దొరకలేదు. ఐదోది దొరికింది. నాలుగోది చదవకుండా దాన్ని ముట్టనని పంతం పట్టి, వేపాకుల మధ్య పెట్టెలో దాచి, పెళ్లయి, నేను పుట్టి, బడికి పోయేదాకా తెరవకుండా ఉంచిన మనిషి ఆయన. నేనైతే రెండో రోజే తెరిచేదాన్ని.

నాకు పదేళ్లప్పుడు మా ఊరి గ్రంథాలయంలో, అంటే రెండు బీరువాలూ ఒక బల్లా ఉన్న గదిలో, ఆ కథే తెలుగులో కనబడింది. చూస్తే అది నాలుగో పుస్తకం. ఐదోది ఎవరో తీసుకుపోయి మళ్లీ ఇవ్వలేదట, ఆరోది ఇంకా రావాలట. నేను నాలుగోదాన్ని గుండెకు హత్తుకుని పరుగెత్తుకొచ్చి డిపోలో దుంగల మధ్య నిలబడ్డ బాపు చేతిలో పెట్టాను. ఆయన అలవాటు కొద్దీ వెనక అట్ట నుంచి తెరిచి, పేజీ అటు తిప్పి ఇటు తిప్పి, చివరకు నవ్వి నాకే ఇచ్చేశాడు.

ముందు నాలుగోది పూర్తిచేసి తర్వాత ఐదోది మొదలుపెడదామని మా ఇద్దరి ఆలోచన. కానీ నాలుగో పుస్తకం ముందుమాటలోనే, ఇందులో అన్న సంగతి మాత్రమే ఉన్నదనీ, అదే కాలంలో తమ్ముడు పడ్డ పాట్లు ఐదోదాంట్లో ఉన్నాయనీ రాసి ఉంది. అది చదివి వినిపించగానే అమ్మ చేటలో బియ్యం చెరగడం ఆపింది.

"ఒక కొడుకుకు కడుపునిండ పెట్టి, ఇంకొక కొడుకును పస్తుంచుతరా? ఇద్దరికీ ఒక్కసారి వడ్డియ్యుండ్రి" అంది.

అట్లా మొదలైంది మా జంట చదువు. పొద్దుగూకే ముందు వసారాలో చాప పరిచి, దాని మీద బాపు డిపో నుంచి తెచ్చిన పొడుగాటి టేకు పలక వేసి, ఆ పలక మీద రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టేవాళ్లం. తెలుగు నాలుగు కుడిపక్కన నా ముందు, ఉర్దూ ఐదు ఎడమపక్కన బాపు ముందు. ఒక అధ్యాయం నేను చదివితే ఒక అధ్యాయం బాపు చదివి తెలుగులో చెప్పేవాడు. నా పుస్తకం ఎడమ నుంచి కుడికి, ఆయనది కుడి నుంచి ఎడమకు నడిచేది కదా, అందుకని చదివేసిన పేజీలన్నీ ఇద్దరి నడుమకు చేరేవి. చదవాల్సినవి చెరో అంచునా ఉండేవి. ఆ నడుమ గుట్ట రోజురోజుకూ పెరుగుతుంటే చూడటం నాకు కథంత ఇష్టంగా ఉండేది.

చిక్కంతా పేర్లతో వచ్చింది. తెలుగు చేసినాయన అందరి పేర్లూ మార్చేశాడు. ఉర్దూలో అన్న షేర్‌దిల్ తెలుగులో రత్నకేతు, తమ్ముడు నేక్‌దిల్ మణికేతు. అన్నదమ్ములు కాబట్టి వాళ్లను సులువుగానే గుర్తుపట్టాం. మాకు ప్రాణమైన జుగ్నూ మాత్రం నా పుస్తకంలో ఎక్కడా కనిపించలేదు. వేషాలు మార్చడంలో దిట్ట, అన్నదమ్ములిద్దరినీ చిన్నప్పటి నుంచి సాకిన మనిషి, అబద్ధం చెప్పేముందు ముక్కు గోక్కునే జుగ్నూను బాపు చెబుతుంటే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఐదో పుస్తకం మొదట్లో జుగ్నూ తమ్ముడి దగ్గరే ఉంది. కొన్నాళ్లకు, పెద్దోడిని వెతికి తీసుకొస్తానని చెప్పి బయల్దేరింది. ఇక ఆ పుస్తకంలో ఆమె మాటే లేదు. నా పుస్తకంలో అన్న దగ్గరకు ఎప్పుడు వస్తుందా అని రోజూ ఎదురుచూశాం.

జుగ్నూ రాలేదు. ఆమెకు బదులు ఎవరో ఖద్యోతిక అని ఒక ముసలామె వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి అన్నను తిట్టడమే పని. "ఓరీ మందబుద్ధీ, నీ దుస్సాహసమునకు ఫలము అనుభవింపుము" అని గ్రాంథికంలో దంచుతుంటే నాకు మా బడి హెడ్మాస్టరే గుర్తొచ్చేవాడు. ఆమె మాట్లాడిన పేజీ వస్తే అమ్మ లేచి వెళ్లి పొయ్యిలో కట్టెలు ఎగదోసి వచ్చేది. చివరకు ఆ అన్నను పాడుబావిలోంచి పైకి తీస్తూ, తాడు తెగి, ఆ ఖద్యోతిక తనే బావిలో పడిపోయింది.

"సచ్చిందా? పీడ వోయింది" అంది అమ్మ. నేను చప్పట్లు కొట్టాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే బడిలో తెలుగు పంతులు పర్యాయపదాలు చెప్పించాడు. కోస్తా నుంచి వచ్చినాయన, మా యాసను వెక్కిరించినా పాఠం మాత్రం బాగా చెప్పేవాడు. పువ్వుకు, నీటికి, తుమ్మెదకు అయ్యాక, "ఖద్యోతం అంటే మిణుగురు పురుగు" అన్నాడు. నాకు పుస్తకం గుర్తొచ్చి, ఇంటికి వచ్చాక ఆ ముసలామె పేరుకు అర్థం తెలిసిందని గొప్పగా చెప్పాను. బాపు తాగుతున్న నీళ్ల చెంబు కింద పెట్టాడు.

"మిణుగురు పురుగా?"

"ఆఁ, పంతులు చెప్పిండు."

"ఉర్దూల దాన్నే జుగ్నూ అంటరు బిడ్డా."

అమ్మకూ నాకూ జుగ్నూ ఒట్టి పేరు, దానికి అర్థం ఉంటుందని అనుకోనేలేదు. బాపుకు అర్థం తెలుసు గాని ఖద్యోతం తెలియదు. నేను గబగబా పుస్తకం తెరిచి ముసలామె వచ్చిన పేజీలు వెతికాను. "నాసికాగ్రమును గీరుకొనుచు" అని రెండు చోట్ల ఉంది. ముక్కు గోక్కోవడమే. ఆ భాషలో చదువుతూ దాన్నీ పోల్చుకోలేకపోయాం.

అమ్మ ఆ పూట సరిగ్గా తినలేదు. "నా నోటితోని అన్న గదా, పీడ వోయిందని. ఇద్దర్ని సాకిన మనిషిని పట్టుకొని" అని ఒకటే బాధ. కథే కదా అని నేను నవ్వబోతే బాపు కళ్లతోనే వద్దన్నాడు. ఆయన నా చేత బావి పేజీ మళ్లీ చదివించుకున్నాడు. "పడిన శబ్దము మాత్రము వినరాలేదు" అని ఉందక్కడ.

"ఇగో, సప్పుడు ఇనవడలేదని రాసిండు. పడితే ఇనవడదా? బతికే ఉంటది" అని అమ్మతో అని, తర్వాత నా వైపు తిరిగి, "ఆమె పేరు ఎట్లుంటదో జర సూపియ్యి" అన్నాడు. నేను వేలు పెట్టి చూపించాను. ఖ, ద్యో, తి, క. ఆయన ఆ నాలుగక్షరాల వైపు చాలాసేపు చూశాడు.

ఆమె బతికిందో లేదో తేల్చవలసింది ఆరో పుస్తకం. అది రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా అమ్మ, "ఆరో పుస్తకం వచ్చిందేమో జర అడగరాదుండ్రి" అని బాపును గ్రంథాలయానికి తోలుతూనే ఉంది. ఈలోగా నన్ను పెద్ద బడికని పాలమూరులో చిన్నమ్మ ఇంట్లో పెట్టారు. కొత్త స్నేహితురాళ్లు, కొత్త పాఠాలు, చిన్నమ్మ ఇంటి సర్వపిండి రుచిలో పడి నాకు జుగ్నూ కొంచెం మరుపుకొచ్చింది. అంతలో మా ఊరివాళ్లెవరో వచ్చి పుస్తకం వచ్చిందని చెబితే ఒక్కసారిగా గుబులు పట్టుకుంది. వచ్చింది తెలుగు పుస్తకం. ఇంట్లో చదివేదాన్ని నేనొక్కదాన్నే, నేనేమో ఇక్కడ ఉన్నాను. బాపు ఇంకెవరినో బతిమాలి చదివించుకునే మనిషి కాదు. వాళ్లిద్దరూ ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చున్నట్టు ఊహించుకుని దుఃఖపడ్డాను.

దసరా సెలవులకు బస్సు దిగేసరికి సాయంత్రమైంది. దారి పొడుగునా తంగేడు పూసి ఉంది, బస్టాండులో సీతాఫలాల గంపలు దించుతున్నారు. మా వాకిట్లోకి వచ్చి ఆగిపోయాను. లోపల ఎవరో చిన్నపిల్లలు చదివినట్టు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతున్నారు. గొంతు మాత్రం బాపుది.

వసారాలో అదే పలక, దాని మీద ఒకటే పుస్తకం. పక్కన నా ఒకటో తరగతి వాచకం. అమ్మ బతుకమ్మకు గునుగుపూలు కత్తిరిస్తూ కూర్చుని ఉంది. వత్తు దగ్గరకు వచ్చినప్పుడల్లా బాపు వేలు ఆగిపోయేది, వాచకంలో వెతుక్కుని మళ్లీ కదిలేది. నన్ను చూసి ఆయన సిగ్గుపడ్డాడు. అరవై ఏళ్ల కింది ఆ సిగ్గు నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

"గా నాలుగక్షరాలు నువ్వే నేర్పితివి గదా, కడమయి నేర్సుకున్న" అన్నాడు.

"బావి కాడికొచ్చి ఆగినం. నువ్వు రాకుండ సదువొద్దన్న. పీడ వోయిందని నేనంటి, సప్పట్లు నువ్వు కొడితివి. ఇద్దరం ఇనాలె" అంది అమ్మ.

బాపు చదివాడు. నేను చదివితే క్షణంలో అయిపోయే పేజీ ఆయనకు పొద్దుగుంకేదాకా పట్టింది. తప్పు పోయినా నేను సరిచేయలేదు, నోటి చివరకు వచ్చిన మాటను మింగుకుంటూ కూర్చున్నాను. పాడుబావి అడుగున చీకట్లో చిన్న వెలుగు కనిపించింది. ఆ వెలుగు గోడ పట్టుకుని మెల్లగా పైకి వచ్చింది. "బావి యొడ్డున నిలిచినది" దాకా వచ్చి, తర్వాతి మాట మీద బాపు వేలు పెట్టాడు. ఖ, ద్యో, తి, క. ఆ నాలుగూ ఆయనకు వాచకం అవసరం లేని అక్షరాలు. అయినా ఆయన వాటిని చదవలేదు.

"జుగ్నూ" అన్నాడు.

అమ్మ చేతిలో పూలు కింద పెట్టి, "బతికింది తల్లి" అని లేచి లోపలికి పోయింది. ఆ పూట బెల్లం పరమాన్నం వండింది. తర్వాత పుస్తకం అయిపోయేదాకా అచ్చులో ఖద్యోతిక అని ఉన్న ప్రతిచోటా బాపు జుగ్నూ అనే చదివాడు.

బాపూ లేడు, అమ్మా లేదు. ఆ డిపో జాగాలో దుకాణాలు వచ్చాయి. సాయంత్రం వసారాలో కూర్చుని ఉర్దూ పుస్తకం చదువుకునే బాపులాంటి పెద్దమనుషులు ఇప్పుడు ఏ ఇంట్లోనూ కనబడరు. మిణుగురులు కూడా మా వైపు తగ్గిపోయాయి. నాలుగు, ఆరు గ్రంథాలయానివి కాబట్టి అక్కడే ఉండిపోయాయి. మా సొంతమైన ఐదో పుస్తకం మాత్రం చెదలకు దొరకకుండా నా దగ్గర ఉంది. అలమార ఖాళీ చేస్తున్నప్పుడు నదీం దాన్ని చూశాడు. చేతులు తువ్వాలుకు తుడుచుకుని, ఏమీ అడగకుండా, కుడివైపు నుంచి తెరిచాడు. ఆ పుస్తకం అట్లా తెరుచుకోగా చూసి ఎన్నేళ్లయిందో.

నా వచ్చీరాని హిందీలో, ఇందులో జుగ్నూ అని ఎక్కడుందో చూపించమని అడిగాను. నాలుగు పేజీలు తిప్పి, "యే రహా, అమ్మా" అని టేకు పొట్టు అంటిన వేలు ఒక చోట పెట్టాడు. బాపు నా దగ్గర ఆమె పేరు చూపించుకుని నేర్చుకున్నాడు. నేను ఆయన పక్కన కూర్చుని అన్ని సాయంత్రాలు విన్నాను గాని, నీ పుస్తకంలో ఆమె పేరు ఎట్లా ఉంటుంది బాపూ అని ఒక్కసారి కూడా అడగలేదు.

కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాను. రెండు మెలికలు, రెండు చుక్కల్లాంటివి, వేలిగోరంత ఉంది. పెన్సిలు తెప్పించుకుని, నదీం చెప్పినట్టు, కుడి నుంచి ఎడమకు రాశాను.